గేర్‌బాక్సుకు చల్లగాలి

మాచర్ల,
4 ఏప్రిల్ 2025

మామూకి నజీమా సలాములు.

మీ వీధిలో టవర్ సరిగా అందదని నువ్వు చెప్పినప్పటి నుంచి ఫోన్ మానేసి ఇలా కాగితాల మీద పడ్డాను. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవర్లు పది అడిగితే కౌంటర్లో ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందమ్మా, కోర్టు కేసా?" అని అడిగాడు. మా మామూకి అన్నాను. ఆయన ముఖం చూస్తే కేసే నయమన్నట్టు ఉంది.

అసలు సంగతికి వస్తాను. బండికి ఒంట్లో బాగాలేదు.

మొన్న రెంటచింతలలో నైటీలు, లంగాలు అమ్ముకుని తిరిగి వస్తున్నాను. ఎండ నలభై మూడు. నా వ్యాపారం సంగతి నీకు తెలుసు గదా, ప్రతి ఇంటి ముందు ఆగాలి, ఏసీ ఆపకూడదు, మళ్ళీ పది గజాలు పోయి ఆగాలి. ఊరు దాటాక మాడిన పప్పు వాసన వచ్చింది. నా టిఫిన్ డబ్బానే అనుకుని రోడ్డు పక్కన ఆపి, మూత తీసి వాసన చూసుకున్నాను. డబ్బాలో ఉన్నది పెరుగన్నం. పెరుగన్నం మాడదని అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. మా తమ్ముడు అక్రం కూడా అంతే, అరుపు ఎక్కువ, కదలిక తక్కువ.

ఇక్కడ కార్ల మెకానిక్ మస్తాన్‌రావు చూశాడు. గేర్‌బాక్సులోంచి ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగితే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ డికాషన్ రంగులో వచ్చింది. "ఏంది చెల్లెమ్మా, ఈ వేడికి ఆయిల్ మాడిపోతంది. ఈ గేర్‌బాక్స్ పోయిందంటే ఇంకోటి ఎయ్యాలంటే బండి ఖరీదు అయిద్ది. ముందే దానికో కూలర్ పెట్టిచ్చుకో, ఇంకొన్నేళ్ళు లాగుద్ది" అన్నాడు. నేను వెంటనే, "మా మామూ ఉన్నాడు, నలభై ఏళ్ళ మెకానిక్, ఆయనే చేస్తాడు" అన్నాను. అన్నాక, నువ్వు లారీల మెకానిక్‌వని గుర్తొచ్చింది. అప్పటికే ఛాతీ విరుచుకున్నాను కాబట్టి వెనక్కి తగ్గలేదు.

నవ్వుతూ రాస్తున్నానని తేలిగ్గా తీసుకోకు మామూ. నా ఎడమ కాలు మూడేళ్ళ వయసులోనే పోలియోకి ఇచ్చేశాను. క్లచ్ లేని ఈ బండి ఒక్కటే నన్ను ఇల్లు దాటించింది. దీనికున్న రెండు పెడళ్ళూ కుడి కాలివే. ఇది ఆగిందంటే అక్రం తన బట్టల షాపులో, ఫ్యాన్ కింద, నా కోసం కుర్చీ వేసి ఉంచాడు. "అక్కా, నువ్వు అట్టా కూసుంటే చాలు, రాణీలాగా" అంటాడు. దానికి కుషన్ కూడా కుట్టించాడు. ఆ కుషన్ చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ నీకు దువా చెప్పమంది. ముమానీకి సలాములు.

నీ మేనకోడలు,
నజీమా


నరసరావుపేట,
9 ఏప్రిల్ 2025

అమ్మాయి నజీమాకి మామూ అబ్దుల్ రహీమ్ దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చదివితే బండి చాలా బాగుందని అర్థమైంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాక గుండెలో రాయి పడింది.

నీకొక నిజం చెప్పాలి. నలభై ఏళ్ళు లారీల కింద పడుకున్నవాణ్ణి. ఎన్ని గేర్‌బాక్సులు విప్పి బిగించానో, ఎన్నిసార్లు మిగిలిన నట్టు జేబులో వేసుకుని చప్పుడు చేయకుండా ఇంటికి వెళ్ళానో నాకూ అల్లాకూ మాత్రమే ఎరుక. కానీ ఆటోమేటిక్ బండి నా చేతిలో పడటం అదే మొదలు. పోయిన ఆగస్టులో నువ్వు దాన్ని చూపించినప్పుడు నా బుర్రలో ఏముందో తెలుసా? ఇందులో గేర్లు మార్చే పని లేదు, కాబట్టి గేర్‌బాక్సే ఉండదు, కాబట్టి పాడయ్యేది ఒకటి తగ్గింది. ఆ తెలివితోనే బానెట్ మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "గుర్రం లాగుంది, తీసుకోండి" అన్నాను. అక్రం నసిగితే, "నాకు చెప్తావంట్రా" అని వాణ్ణి కసిరాను కూడా. అజ్ఞానానికి గొంతు ఎక్కువని మీ తాత అనేవాడు. ఆ మాట ఎవరిని చూసి అనేవాడో ఇప్పుడు తెలిసింది.

సిగ్గు విడిచి నిన్న కోటేశ్వర్ దగ్గరికి వెళ్ళాను. గుర్తున్నాడా, నా షెడ్డులోనే పాతికేళ్ళ క్రితం పానాలు పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు బోర్ లారీలకు, క్వారీ మిషన్లకు పెద్ద దిక్కు. "రా గురూ" అని కుర్చీ వేశాడు. నేను కింద కూర్చుంటానన్నాను, విద్యకు వచ్చినవాడు కుర్చీలో కూర్చోకూడదని. నవ్వి చెప్పాడు. లారీలో ఇంజన్ బలాన్ని పళ్ళ చక్రాలు అందుకుంటాయి, నీ బండిలో ఆయిలే అందుకుంటుందట. ఆ ఆయిలే తిప్పుతుంది, ఆ ఆయిలే పట్టుకుంటుంది, ఆ ఆయిలే వేడిని మోస్తుంది. బండి ఆగి ఆగి నడిస్తే, గట్టు ఎక్కితే, ఆయిల్ కాగిపోతుంది. కాగిన ఆయిల్ పలచబడి పట్టు వదులుతుంది, లోపలి బిళ్ళలు మాడతాయి. ఆ ఆయిల్‌ని ఒక చిన్న రేడియేటర్ లాంటి డబ్బాలోకి పంపి, బండి ముందు భాగంలో గాలి తగిలేలా పెట్టి, చల్లబడ్డాక వెనక్కి పంపితే అదే కూలర్.

ఇంతేనా అన్నాను. నా దగ్గర పాత కంప్రెసర్ కూలర్ ఒకటి పడి ఉంది, అదే బిగిస్తానన్నాను. కొలిస్తే అది మా వంటింటి కిటికీ అంత ఉంది. నీ బండికి పెడితే ముందు కూలర్, వెనక బండి నడిచి వస్తున్నట్టు ఉంటుందని కోటేశ్వర్ అన్నాడు. అందుకని బెజవాడ ఆటోనగర్‌కి కబురు పెట్టి సరైన కొలతది తెప్పిస్తున్నాను.

పదిహేడో తారీఖు గురువారం బండి తీసుకురా. పొద్దున్నే ఎండ ముదరకముందే బయలుదేరు. కారంపూడి దాకా ఏసీ వేయకు. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు. ఒకసారి కూర్చుంటే కుషన్ నీ కొలతకు అణిగిపోతుంది.

మీ మామూ,
అబ్దుల్ రహీమ్

మళ్ళీ: ఫోన్ చేయాలని చూడకు. టవర్ ఇంకా అలాగే ఉంది.


మాచర్ల,
22 ఏప్రిల్ 2025

మామూకి నజీమా సలాములు.

క్షేమంగా చేరాను. దారిలో నాలుగుసార్లు ఆపి బానెట్ ఎత్తి చూశాను. ఏం చూడాలో తెలియదు, కానీ చూశాను. నాలుగోసారి ఒక పెద్దాయన సైకిల్ ఆపి, "ఏం పోయిందమ్మా?" అంటే, "ఏం పోలేదు తాతా, అందుకే చూసుకుంటున్నా" అన్నాను. ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

వాసన లేదు. విజయపురి సౌత్ వెళ్ళి వచ్చాను, గట్టు ఎక్కేటప్పుడు కూడా జారలేదు. మస్తాన్‌రావు టార్చి వేసి కూలరంతా చూసి, ఆ రెండు పైపులు ఎక్కడా రాసుకోకుండా తిప్పిన తీరు చూసి, "చానా ఓపికగా చేశాడు పెద్దాయన" అన్నాడు. ఆయిల్ ఎర్రగా ఉంది. నేను అది చూసి గోరింటాకు పండినంత సంబరపడ్డాను. నువ్వు మూడు రోజులు ఒంగి పని చేస్తే పొగడ్త నేను మోసుకొచ్చాను.

ఇంట్లో అమ్మ కూలర్‌ని చూసి, "ఇంతేనా, మా తమ్ముడు మూడు రోజులు చేసింది?" అంది. నేను కోటేశ్వర్ అన్న చెప్పిందంతా అప్పజెప్పాను. అమ్మ విని, "అంటే బండికి కూడా ఎండదెబ్బ తగులుద్దన్న మాట. ఉల్లిపాయ పెట్టకపోయారా జేబులో" అంది.

ఒక్క సంగతి మాత్రం అడగాలి. ఆఖరి రోజు నువ్వూ కోటేశ్వర్ అన్నా బండిని వినుకొండ రోడ్డు మీద నడిపి చూసి వచ్చారు గదా. దిగేటప్పుడు ఆయన నీతో ఏదో అన్నాడు. ఆ తర్వాత నువ్వు చాయ్ తాగలేదు. ముమానీ పెట్టిన ఖీమా కూడా ముట్టలేదు. ఖీమా వదిలేశావంటే చిన్న సంగతి కాదు. ఏమన్నాడు?

నజీమా


నరసరావుపేట,
27 ఏప్రిల్ 2025

నజీమాకి మామూ దీవెనలు.

మస్తాన్‌రావు మెచ్చుకున్నాడన్న చోట కాగితాన్ని మడతపెట్టి, ఆ ముక్క ఒక్కటే కనిపించేలా జేబులో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. అడిగినవాడికీ, అడగనివాడికీ చూపించాను. మీ ముమానీ, "రిజల్ట్ వచ్చిన పిల్లోడి మాదిరి తిరుగుతున్నాడు" అంటోంది. అననీ. అరవై ఆరేళ్ళకు పాసవడం అందరికీ రాదు.

కోటేశ్వర్ ఏమన్నాడని అడిగావు. వాడు ఏవో రాజకీయాలు మాట్లాడాడు. నాకు కడుపులో బాగాలేక ఖీమా తినలేదు. అంతే.

ఇప్పుడొక కిటుకు చెబుతాను, జాగ్రత్తగా విను. మే నెల వస్తోంది. మీ వైపు ఎండ సంగతి నాకు తెలుసు, రెంటచింతలలో మధ్యాహ్నం రోడ్డు మీద ఆమ్లెట్ వేయడానికి గుడ్డు ఒక్కటే తక్కువ. లారీల కాలంలో మేము ఒక పని చేసేవాళ్ళం. గోనెసంచి నీళ్ళల్లో ముంచి, బండి ముందు జల్లెడకు కట్టేవాళ్ళం. మంచినీళ్ళ కుండకు తడి గుడ్డ చుడతాం గదా, అదే సూత్రం. తడి గోనె మీదుగా వెళ్ళే గాలి చల్లబడి కూలర్‌కి తగులుతుంది. నువ్వూ అలాగే కట్టుకో. ఈ మాట కోటేశ్వర్‌కి చెప్పలేదు. వాడికి తెలియని విద్య ఒక్కటైనా నా దగ్గర మిగలనీ.

మీ మామూ,
రహీమ్


మాచర్ల,
8 మే 2025

మామూకి సలాములు.

కంగారు పడకుండా చదువు. నేను బాగున్నాను, బండీ బాగుంది.

మంగళవారం రెంటచింతల దగ్గర బండి ఆగింది. మళ్ళీ అదే వాసన, అదే అరుపు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుండగా దిగి చెట్టు నీడన కూలబడ్డాను. చేల నుంచి వస్తున్న ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "బండి పోయిందని ఎంత ఏడుస్తందో చూడండే" అని వాళ్ళకూ కళ్ళు తడిశాయి. ఒకామె నా ముక్కు తుడిచింది. సరస్వతమ్మ అనే ఆమె, "సరేలే అమ్మాయ్, ఎట్టాగూ ఆగావు, నైటీలు ఉన్నయ్యా?" అంది. అక్కడే పదకొండు నైటీలు అమ్మాను. బండి నడిచిన రోజు కూడా అన్ని పోలేదు. ఏడుపు ముఖం నాకు కలిసొచ్చిందని తెలిస్తే ముందునుంచే ఏడ్చేదాన్ని.

మస్తాన్‌రావు వచ్చి చూశాడు. పెద్దగా ఏం లేదు. పైపు బిగింపు ఒకటి కాస్త వదులై ఆయిల్ కారింది, అంతే. బిగించి ఆయిల్ పోశాడు. నీ తప్పు కాదు మామూ, మా రోడ్ల గతుకులది. ఇప్పుడు మామూలుగా నడుస్తోంది.

అక్రం మాత్రం ఆ కుర్చీని తుడిచి, ఫ్యాన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

నజీమా


నరసరావుపేట,
15 మే 2025

నజీమాకి.

బిగింపు వదులైంది అన్న ముక్క చదివాక నాకు ముద్ద దిగలేదు.

ఆ బిగింపులు నాలుగూ నా చేత్తో బిగించాను. ఒక్కోటి మూడుసార్లు చూశాను. కోటేశ్వర్ చూస్తానంటే కూడా, "నాకు చెప్తావంట్రా" అన్నాను. ఈ వాక్యం నా సమాధి మీద చెక్కించమని మీ ముమానీకి చెప్పాను. కాగిన ఆయిల్ చిమ్మి ఇంజన్ మీద పడితే మంటలు లేస్తాయి తల్లీ. లోపల నువ్వు. డోర్ తెరిచి, కర్ర తీసుకుని, కాలు సర్దుకుని దిగాలి నువ్వు. ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అది తలుచుకుని, పట్టుకున్న పానా కింద పెట్టేశాను. ఈ చేతులతో ఇంకేం బిగిస్తాను?

జేబులో పెట్టుకు తిరిగిన కాగితం తీసి పెట్టెలో దాచాను. షెడ్డుకు వెళ్ళడం లేదు. లారీవాళ్ళు వస్తే నడుం నొప్పి అని చెప్పిస్తున్నాను. వాళ్ళు నమ్మారు, పైగా వాళ్ళ ముఖాల్లో కాస్త నిశ్చింత కూడా కనిపించిందట.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. అక్రంకి ఉత్తరం రాశాను. బండి అమ్మేయమన్నాను. గురజాలలో వెంకట సాయి అనే అతను ఇలాంటి బండి కోసం చూస్తున్నాడట, అతన్ని రమ్మన్నాడు మీ తమ్ముడు. నన్ను తిట్టు. షాపులో కుర్చీ మంచిది కాకపోవచ్చు, కానీ కుర్చీకి మంట అంటుకోదు.

మీ మామూ


మాచర్ల,
17 మే 2025

మామూకి.

సలాములు చెప్పాలని లేదు, కానీ అమ్మ పక్కనే ఉంది కాబట్టి చెబుతున్నాను. సలాములు.

నన్ను అడగకుండా నా బండిని అమ్మమన్నావు. అక్రం మంచి రేటొచ్చిన మిరప రైతులాగా వెలిగిపోతున్నాడు. "మామూనే రాశాడక్కా, ఇంకేంది నీ మొండితనం" అంటున్నాడు. ఇన్నాళ్ళూ నా వైపున్నది నువ్వొక్కడివే. అక్రం వద్దన్నా, అమ్మ భయపడ్డా, "దానికి బండి కావాలి" అన్నవాడివి నువ్వు. ఇప్పుడు నువ్వే ఆ కుర్చీకి ఇంకో కోడు అయ్యావు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ నైటీలు కొనలేదు.

సరే, తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. బిగింపు వదులు కాలేదు. చుక్క ఆయిల్ కారలేదు. నీ పైపులు, నీ బిగింపులు రాయిలాగా ఉన్నాయి. బండిని ఆపింది నీ గోనె.

నువ్వు చెప్పినట్టే కట్టాను. గురజాల నుంచి తెచ్చిన సంచి ఒకటి పెరట్లో ఉంటే నీళ్ళల్లో ముంచి జల్లెడకు తాళ్ళతో బిగించాను. రెంటచింతల చేరేలోపే అది ఎండి అప్పడమైంది. కూలర్‌కి గాలి ఆడే దారంతా మూసుకుపోయింది. ఆయిల్ మళ్ళీ కాగింది. పైగా అది మిరపకాయలు నింపి తెచ్చిన సంచి మామూ. తడిసి, వేడెక్కి, ఆ ఘాటంతా ఏసీలోంచి నా ముఖాన కొట్టింది. కళ్ళు కనపడక బండి ఆపాను. అది ఏడుపు కాదు, కారం. సరస్వతమ్మ నా ముక్కు తుడిచిందంటే అందుకే తుడిచింది.

మస్తాన్‌రావు ఆ గోనె విప్పి, తుమ్మి, "ఎవరమ్మా ఈ గోనె కట్టమంది?" అని అడిగాడు. నీ పనిని టార్చి వేసి మెచ్చుకున్న మనిషి ముందు నీ పేరు చెప్పబుద్ధి కాలేదు. నేనే, నా తెలివే అన్నాను. "కూలర్‌కి కావాల్సింది గాలి గదా చెల్లెమ్మా, గాలికి గుడ్డ కడితే ఎట్టా?" అని నాకు పాఠం చెప్పాడు. నీకు మాత్రం నిజం రాస్తే గోనె విద్య పోయిందని బాధపడతావని బిగింపు మీదికి నెట్టాను. గోనె కంటే బిగింపు చిన్న మాట అనుకున్నాను. మెకానిక్‌కి బిగింపు అంటే ప్రాణమని నాకేం తెలుసు?

గోనె తీశాక బండి చక్కగా ఉంది. వెంటనే షెడ్డుకు వెళ్ళు. అక్రంకి ఇంకో ఉత్తరం రాయి. శుక్రవారం ఆ వెంకట సాయి వస్తాడట.

నజీమా


నరసరావుపేట,
21 మే 2025

నజీమాకి మామూ దీవెనలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. మిరపకాయల గోనె దగ్గర మళ్ళీ నవ్వాను. మీ ముమానీ పరుగెత్తుకొచ్చి, నేను పది రోజులుగా ముద్ద ముట్టని మనిషిని కాబట్టి, ఇక మతి కూడా పోయిందనుకుంది. కోటేశ్వర్‌కి కూడా నేనే వెళ్ళి చెప్పాను. వాడు నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పక్కనున్న మిషన్ స్టార్ట్ చేశాడు.

లారీలకు నిజంగానే కట్టేవాళ్ళమా అని కూర్చుని ఆలోచించాను. కట్టేవాళ్ళం. తాగే నీళ్ళ డబ్బాకి. ముసలితనంలో గోనె డబ్బా మీది నుంచి జల్లెడ మీదికి జరిగింది.

అక్రంకి రాశాను, నా మాట వెనక్కి తీసుకున్నానని. కానీ నజీమా, బండి అమ్మమన్నది ఒక్క బిగింపు కోసమే కాదు. ఇది చెప్పకపోతే మళ్ళీ నాకు ముద్ద దిగదు.

మా వీధిలో టవర్ బ్రహ్మాండంగా ఉంది. ఆ టవర్ మా మిద్దెకు ఆనుకునే ఉంది. అందనిది నా చెవులకు. నాలుగేళ్ళయింది. డాక్టర్ చెవి మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుని షెడ్డుకు వెళ్తే ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే రహీమ్ భాయ్‌కి చెవుడంట అని నవ్వుతారని పానాల పెట్టెలో పడేశాను. అప్పటి నుంచి బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, అదురు చూసి చెబుతున్నాను. అందరూ అది పెద్ద విద్య అనుకున్నారు. నేను కూడా కొన్నాళ్ళకు అలాగే అనుకున్నాను.

నీ బండి కొన్న రోజు కూడా అంతే. ఆ రోజు వినుకొండ రోడ్డు మీద తిప్పి వచ్చాక కోటేశ్వర్ అన్నది ఇది: "గేర్‌బాక్స్ సన్నగా కూస్తంది గదా గురూ, ఇది ఇయ్యాల్టిది కాదు. కొనేటప్పుడే ఉండుండాలి. నువ్వు ఇనే ఉంటావుగా?" విన్నానన్నాను. అది మామూలేలే అన్నాను. నాకు ఏ కూతా వినపడలేదు తల్లీ. అప్పుడూ వినపడలేదు, ఇప్పుడూ వినపడలేదు. చెవులున్న ఏ మెకానిక్ అయినా ఆ రోజే వద్దనేవాడు. నీకు ఆ బండి కొనిపెట్టింది నా విద్య కాదు, నా నోరు. కూలర్ బిగించిన మూడు రోజులూ నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. చివరి రోజు తెలిసింది, నా తప్పుకే విసనకర్ర కట్టానని. బిగింపు వదులైందని నువ్వు రాసేసరికి, ఈ గుడ్డి చెవులతో నిన్ను ఇంకెన్నిసార్లు రోడ్డు మీద నిలబెడతానో అని భయం వేసింది. అమ్మేస్తే నా తప్పు కూడా గురజాల వెళ్ళిపోతుందనుకున్నాను.

కూలర్ ఉంటే ఇంకొన్నేళ్ళు నడవొచ్చనీ, ఎన్నేళ్ళో తను చెప్పలేననీ కోటేశ్వర్ అన్నాడు. అమ్మడమా, ఉంచుకోవడమా అన్నది నీ ఇష్టం. నన్ను క్షమించు.

చెవి మిషన్ పానాల పెట్టెలోంచి తీసి, గ్రీజు తుడిచి పెట్టుకున్నాను. మొదట వినపడింది మీ ముమానీ గొంతు. నాలుగేళ్ళుగా ఆమె నెమ్మదిగా మాట్లాడుతోందని సంతోషించాను, అది కూడా పోయింది.

మీ మామూ,
రహీమ్


మాచర్ల,
24 మే 2025

మామూకి నజీమా సలాములు. ఈసారి అమ్మ పక్కన లేదు, నిజంగానే చెబుతున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక వెంకట సాయి వచ్చాడు. అక్రం బండిని కడిగించి, సీట్లు తుడిపించి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు షాపు ముందు నిలబెట్టాడు. ఆ అబ్బాయి బండి స్టార్ట్ చేసి, అద్దాలు దించి, ఏసీ ఆపి, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. దిగి, "ఏంది అన్నా, గేర్‌బాక్స్‌లో ఆ కూత?" అన్నాడు.

అక్రం, "కూతా? నాకేం ఇనపళ్ళేదే" అన్నాడు. వాడి చెవులు బాగానే ఉన్నాయి, ఆ పూటకి పని చేయలేదు. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను ఊరుకుంటే బండి పోయేదేమో, పోకపోయేదేమో. కానీ అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు. "కొన్నప్పటి నుంచీ ఉంది తమ్ముడూ" అన్నాను. అతను దణ్ణం పెట్టి గురజాల బస్సెక్కాడు.

అక్రం నా వైపు తిరిగి, "కొన్నప్పటి నుంచీ అంటే? నీకు తెలుసా?" అన్నాడు. వాడికి జవాబు చెప్పలేదు. నీకు చెబుతాను.

తెలుసు మామూ. ఆ రోజు నీ పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నావు. ఆ సన్నటి కూత నాకు వినపడింది. మంచి బండి అలా కూయదని నాకు కూడా తెలుసు, అప్పటికి ఎనిమిది బండ్లు చూసి వచ్చాను. "మామూ, ఇదేంది?" అని అడగడానికి నోరు తెరిచాను కూడా. అంతలో నువ్వు, "గుర్రం లాగుంది" అన్నావు. నాకు ఆ మాటే కావాలి. నేను కూత సంగతి ఎత్తితే నువ్వు మళ్ళీ చూస్తానంటావు, అక్రం సందు చూసుకుని వద్దంటాడు, ఇంకో బండి ఎప్పుడు దొరుకుతుందో, అప్పటికి ఎవరి మనసు ఎలా ఉంటుందో. అందుకని తెరిచిన నోటితో, "రంగు బాగుంది మామూ" అన్నాను.

నీకు వినపడలేదని నువ్వు దాచావు. నాకు వినపడిందని నేను దాచాను. పది నెలలుగా ఇద్దరం ఒకరి కోసం ఒకరు త్యాగం చేస్తున్నట్టు ఉత్తరాలు రాసుకుంటున్నాం. నీ తప్పు కాదు. తప్పే అయితే సగం నాది. పెద్ద సగం నాదే. నువ్వు ఆ రోజు వద్దని ఉంటే ఈ పది నెలలు నేను కుషన్ మీద ఉండేదాన్ని. రెంటచింతల, దుర్గి, విజయపురి సౌత్, సరస్వతమ్మ, ఇవేవీ ఉండేవి కావు.

అక్రం ఆ కోపంలోనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కుషన్ చాలా బాగుందట, ఇప్పుడు దాంట్లోంచి లేవడం లేదు.

జూన్ ఒకటో తారీఖు ఆదివారం నేను నరసరావుపేట వస్తున్నాను. గోనె లేదు, కూలర్‌కి దారంతా గాలే. ఆ మిషన్ చెవిలో పెట్టుకుని తయారుగా ఉండు. కోటప్పకొండ దాకా వెళ్ళి వద్దాం. ఏసీ ఆపి, అద్దాలు దించి, నెమ్మదిగా నడుపుతాను. నువ్వు ఆ కూతని బాగా విని గుర్తుపెట్టుకో. నెలకోసారి వస్తాను, నెలకోసారి విను. అది ఎప్పుడు పెరిగినా నాకు నువ్వే చెప్పాలి.

నా చెవులను మాత్రం నమ్మకు మామూ. అవి బండి పక్షం.

నీ మేనకోడలు,
నజీమా